ఇంట్లో లైసెన్స్ తుపాకి ఉంది, మనిషికి మనసు బాగాలేదు: ఏది ముందు చేయాలి, ఎలా చేయాలి

"నాయనకి మానసిక డాక్టరు దగ్గర వైద్యం మొదలుపెడితే తుపాకి లైసెన్స్ పోతుందా?" పలమనేరు, కుప్పం వైపు రైతుల ఇళ్ల నుంచి, తిరుపతిలో ఉండే మాజీ సైనికుల పిల్లల నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఇదే. జవాబు కింద చెబుతాను. అడిగిన ప్రతి ఒక్కరినీ నేను ముందు ఒకటే అడుగుతాను: "ఇప్పుడు ఆ తుపాకి ఎక్కడుంది?" దాదాపు అందరూ "బీరువాలోనే" అంటారు. తాళం ఎవరి దగ్గరంటే "నాయన దగ్గరే".

చేయాల్సిన వరస ఇది. ముందు తుపాకి ఇల్లు దాటాలి. అదే వారంలో మనిషి డాక్టరు దగ్గరికి పోవాలి. లైసెన్స్ సంగతి ఆ తర్వాత. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులవుతుంది. లైసెన్స్ పోతుందేమోనన్న భయంతో డాక్టరు దగ్గరికి పోరు, తుపాకి మాత్రం మంచం పక్క గదిలోనే ఉంటుంది.

మా నాయన మిలిటరీ నుంచి వచ్చాక బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేశాడు. రెండేళ్లు డిప్రెషన్‌తో నలిగాడు. ఆ రెండేళ్లలో మేం చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

## 1. ఈ రాత్రికే భయంగా ఉంటే

మిగతాదంతా రేపు చదవొచ్చు. ముందు ఇది చూడండి.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకండి:

☐ "నేను పోతే మీకు పీడ పోతుంది" లాంటి మాటలు
☐ ఉన్నట్టుండి అప్పులు తీర్చేయడం, వస్తువులు పంచిపెట్టడం, అందరికీ అప్పగింతలు చెప్పడం
☐ ఎవరో చంపడానికి వస్తున్నారని, పక్క చేనువాళ్లు చేతబడి చేశారని గట్టిగా నమ్మడం
☐ తుపాకిని ఊరకే తీసి చూసుకోవడం, తూటాలు లెక్కపెట్టుకోవడం
☐ మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా అలుపు లేకుండా తిరగడం
☐ వీటికి తోడు తాగుడు పెరగడం

చేయాల్సినవి:

☐ మనిషిని ఒంటరిగా వదలకండి.
☐ తుపాకి చేతిలో ఉంటే పెనుగులాడకండి. పిల్లల్ని, ముసలివాళ్లని బయటికి పంపి 112కి ఫోన్ చేయండి. తుపాకి ఉందనీ, మనిషికి మనసు బాగాలేదనీ రెండూ చెప్పండి.
☐ బీరువా తాళం మీకు చిక్కితే దాన్ని ఇంట్లో దాచకండి. ఊళ్లో నమ్మకమైనవాళ్ల ఇంటికి పంపేయండి.
☐ పురుగుమందు డబ్బాలు, కలుపుమందు కూడా అదే రాత్రి ఇల్లు దాటాలి. మన వైపు తుపాకి కన్నా ఇవే చేతికి త్వరగా అందుతాయి.
☐ మాట సాయానికి ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలిమానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

"పోలీసుల్ని పిలిస్తే లాకప్‌లో వేస్తారు" అని వెనకాడొద్దు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని సెక్షన్ 100 ప్రకారం, జబ్బు వల్ల తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపల ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. అవసరమైతే స్టేషన్‌లో ఈ సెక్షన్ నంబరు చెప్పండి.

మానసిక డాక్టరు వెంటనే దొరక్కపోయినా ఆగొద్దు. అత్యవసరంలో రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా 72 గంటల వరకు వైద్యం చేయొచ్చని అదే చట్టంలోని సెక్షన్ 94 చెబుతుంది. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి.

చచ్చిపోవాలన్న తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాస్త సేపూ ఆయుధం చేతికి అందకుండా ఉంటే మనిషి దక్కుతాడు. తుపాకి ముందు ఇల్లు దాటాలని నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

## 2. చట్టం ఏమంటుందో తెలుసుకోండి

మన దేశంలో తుపాకి ఉంచుకోవడం ప్రాథమిక హక్కు కాదు. ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్స్ ఉంటేనే ఉంచుకోవాలి. అయితే మీ దరఖాస్తును న్యాయంగా చూడాలని, కాదంటే కారణం చెప్పాలని, అప్పీలుకు దారి ఉండాలని అడిగే హక్కు మీకుంది.

ఆ చట్టంలోని సెక్షన్ 14 లైసెన్స్ నిరాకరించే కారణాలు చెబుతుంది. సెక్షన్ 17 రద్దు గురించి చెబుతుంది. రెండింటిలోనూ రెండు మాటలున్నాయి: "మతి స్థిమితం లేనివారు", "ఏ కారణం వల్లనైనా లైసెన్స్‌కు తగనివారు".

ఇక్కడే 2017 చట్టంలోని సెక్షన్ 3 ఆసరా అవుతుంది. ఒక మనిషికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివాడని అనుకోకూడదు, ఆ మాట కోర్టు తేల్చాలి అని అందులో ఉంది. డిప్రెషన్‌కి మాత్రలు వాడుతున్నందుకే మీ నాయన మొదటి మాట కిందికి రాడు.

రెండో మాట మాత్రం చాలా వెడల్పు. "ఏ కారణం వల్లనైనా" అనే దానిలోకి అధికారి చాలా సంగతులు తేవచ్చు: తాగి గొడవలు, బెదిరింపులు, ఆత్మహత్యా ప్రయత్నం, వైద్యం మానేయడం. కాబట్టి జబ్బు పేరు దాచడానికి పడే పాట్లు దండగ. మనిషి ఎలా నడుచుకుంటున్నాడో చూపించే కాగితాలే మిమ్మల్ని కాపాడతాయి.

"ఆసుపత్రికి పోతే పేరు పోలీసులకి పోతుందా?" అని కూడా అడుగుతారు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే 2017 చట్టంలోని సెక్షన్ 23 చెబుతుంది. ఎవరి ప్రాణానికైనా ముప్పు తప్పించడానికి అవసరమైతే, అవసరమైనంత మేరకే చెప్పడానికి అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు మీ మేలు కోసమే.

## 3. ముందుగా కూడబెట్టాల్సినవి

☐ లైసెన్స్ పుస్తకం, అన్ని పేజీల జిరాక్సు రెండు సెట్లు
☐ తుపాకి రకం, దానిమీద చెక్కిన నంబరు (లైసెన్స్‌లో ఉన్నదీ తుపాకి మీద ఉన్నదీ ఒకటేనా చూడండి)
☐ తూటాల లెక్క: కొన్నవి, వాడినవి, మిగిలినవి
☐ లైసెన్స్ గడువు తేదీ (2019 సవరణ తర్వాత లైసెన్స్ అయిదేళ్లకు ఇస్తున్నారు, ఒకరికి రెండు తుపాకుల కన్నా ఎక్కువ ఉండకూడదు)
☐ లైసెన్స్‌దారు ఆధార్, ఫోటోలు
☐ స్టేషన్‌కి ఇచ్చే అర్జీ రెండు ప్రతులు

తాత కాలం నాటి నాటు తుపాకి లైసెన్స్ లేకుండా చేను దగ్గర షెడ్డులో పడి ఉంటే, ముందు లాయరుతో మాట్లాడి అప్పగించే దారి చూడండి. దాన్ని ఇంకో చోటికి మార్చి దాచడం కొత్త నేరం.

## 4. మాట ఎత్తడం

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. మిలిటరీలో చేసిన మనిషికీ, రాత్రుళ్లు మంచె మీద కాపలా కాసే రైతుకీ తుపాకి అంటే పరువు. దాన్ని అడగడమంటే "నిన్ను నమ్మం" అన్నట్టు వినిపిస్తుంది.

మేం మొదటిసారి తప్పు చేశాం. అమ్మా, నేనూ, చిన్నాయనా ముగ్గురం ఒకేసారి కూర్చుని అడిగాం. నాయన లేచి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఆ గదిలోనే తుపాకి ఉంది. ఆ పావుగంట నేను మరిచిపోలేను.

రెండోసారి ఒక్క చిన్నాయనే, పొద్దున పూట, టీ తాగుతూ ఎత్తాడు. "అన్నా, ఎలక్షన్లప్పుడు స్టేషన్లో పెడతాం కదా, మళ్లా తెచ్చుకుంటాం కదా. నీకు నిద్ర సరిగ్గా పట్టేదాకా అట్లే పెడదాం. నీదే అది, యాడికీ పోదు." నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "తూటాలు కూడా తీస్కపోండి" అన్నాడు.

ఎన్నికలప్పటి డిపాజిట్ లైసెన్స్ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన పనే. దానిలో అవమానం లేదని అందరికీ తెలుసు. ఆ పోలికతోనే మొదలుపెట్టండి.

గుర్తుంచుకోవాల్సినవి:

☐ ఆయన మాట వినే ఒక్కరే మాట్లాడాలి. పాత సైనిక మిత్రుడైతే ఇంకా మంచిది.
☐ తాగి ఉన్నప్పుడు, రాత్రిపూట, గొడవ జరిగిన వెంటనే ఎత్తొద్దు.
☐ తుపాకి ఉన్న గదిలో కూర్చుని మాట్లాడొద్దు.
☐ "పిచ్చి" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు.
☐ "ఎప్పటికీ ఇవ్వం" అనొద్దు. "డాక్టరు సరేనన్నాక చూద్దాం" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి.
☐ చెప్పకుండా దొంగతనంగా తీసేయడం ప్రాణం మీదికి వచ్చినప్పుడే. మామూలప్పుడు అలా చేస్తే మళ్లీ మిమ్మల్ని నమ్మడు, మాత్రలు కూడా మానేస్తాడు.

## 5. స్టేషన్‌లో అప్పగించడం

లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నా, భద్రత కోసం తుపాకిని పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గరగానీ డిపాజిట్ చేయొచ్చు. ఇది స్వచ్ఛందం. దీనివల్ల లైసెన్స్ రద్దు కాదు.

1. ముందురోజు స్టేషన్‌కి ఫోన్ చేసి ఎస్‌ఐ గారికి సంగతి చెప్పండి. ఏ టైముకి రావాలో అడగండి.

2. లైసెన్స్‌దారు స్వయంగా రాగలిగితే ఆయనే తేవాలి. ఖాళీ చేసిన తుపాకి కవర్‌లో, తూటాలు వేరే సంచిలో, లైసెన్స్ పుస్తకం చేతిలో. సొంత బండిలో నేరుగా స్టేషన్‌కి పోవాలి. బస్సులో వద్దు, దారిలో ఆగడం వద్దు.

3. ఆయన రాలేకపోతే, ఆసుపత్రిలో ఉంటే, మీరు తుపాకి పట్టుకుని బయల్దేరకండి. లైసెన్స్‌దారు పక్కన లేకుండా ఇంకొకరు తుపాకి మోయడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు చాలా ఇరుకైనది. రాతపూర్వక అనుమతితో రిపేరుకో, రెన్యువల్‌కో తీసుకుపోవడం లాంటి పనులకే అది. ఎస్‌ఐ గారికి అర్జీ రాసి, ఇంటికి మనిషిని పంపి తీసుకుపొమ్మని అడగండి.

4. అర్జీలో నాలుగు ముక్కలు చాలు: లైసెన్స్ నంబరు, తుపాకి నంబరు, తూటాల సంఖ్య, "ఆరోగ్య కారణాల వల్ల భద్రత కోసం డిపాజిట్ చేస్తున్నాను" అనే వాక్యం. జబ్బు పేరు రాయక్కర్లేదు.

5. రసీదు తీసుకోకుండా గడప దాటకండి.

రసీదులో ఇవన్నీ ఉండాలి:

☐ తుపాకి రకం, నంబరు
☐ తూటాల సంఖ్య, అంకెల్లోనూ అక్షరాల్లోనూ
☐ తుపాకి ఏ స్థితిలో ఉంది (కర్ర పగిలిందా, తుప్పు ఉందా)
☐ తేదీ, సంతకం, స్టేషన్ ముద్ర

మా రసీదులో తూటాల సంఖ్య రాయలేదు. మేమూ చూసుకోలేదు. తిరిగి తెచ్చుకునేటప్పుడు లెక్క తేలక నెలల తరబడి తిరిగాం. అప్పగించే ముందు బల్లమీద అన్నీ పరిచి ఒక ఫోటో తీసుకుని ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

ఇంకో పెద్ద పొరపాటు ఉంది. తుపాకి స్టేషన్‌లోనే ఉంది కదా అని రెన్యువల్ మరిచిపోతారు. డిపాజిట్‌లో ఉన్నా లైసెన్స్ గడువు ఆగదు. గడువు తేదీకి మూడు నెలల ముందు ఇంట్లో క్యాలెండరు మీద ఎర్ర గీత పెట్టండి.

## 6. డాక్టరు దగ్గర

తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వాళ్లకి వేలూరు సీఎంసీ దగ్గర, కుప్పం వైపు వాళ్లు బెంగళూరు నిమ్‌హాన్స్‌కి పోతుంటారు. ఎక్కడికి పోయినా మొదటి రోజే "ఇంట్లో లైసెన్స్ తుపాకి ఉంది, ఫలానా రోజు డిపాజిట్ చేశాం" అని చెప్పండి. డాక్టరు అడిగేదాకా ఆగకండి.

ప్రతిసారీ చీటీలు, మందుల బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు రోగికి ఉంది (2017 చట్టం, సెక్షన్ 25). రేపు రెన్యువల్‌లో ప్రశ్న వస్తే మానకుండా వైద్యం తీసుకున్నాడని చూపించేది ఆ ఫైలే.

రైతులకి ఒక మాట. చెనక్కాయ చేనుకో, చెరకు తోటకో అడవిపందుల కోసం, ఏనుగుల కోసం రాత్రంతా మేల్కొని కాయడం మామూలు మనిషికే కష్టం. బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు పట్టే జబ్బు) ఉన్నవాళ్లకి నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది. తుపాకి తీసేసి మనిషిని మాత్రం మంచె మీదికి పంపితే సగం పనే చేసినట్టు. కాపలా వంతులు అన్నదమ్ములు పంచుకోండి. ఇంకొకటి: పంట కాపలా లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవి జంతువుని కాల్చే అనుమతి ఉన్నట్టు కాదు. అది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వచ్చే వేరే సంగతి.

మనిషి కుదుటపడ్డాక ఆయన చేతే ఒక కాగితం రాయించండి: "మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే, మాత్రలు మానేస్తే, మళ్లీ తాగడం మొదలుపెడితే, తుపాకి స్టేషన్‌లో పెట్టమని నా తమ్ముడు చెప్పొచ్చు. నేను కాదనను." దీనికి చట్టబలం లేదు. కానీ తన చేత్తో రాసుకున్న మాటకి ఆయన విలువిస్తాడు. చట్టబలం ఉన్న దారి కూడా ఒకటుంది: వైద్యం విషయంలో తన తరఫున ఎవరు నిలబడాలో తెల్లకాగితం మీద రాసి నామినేట్ చేసుకోవచ్చు (2017 చట్టం, సెక్షన్ 14). రెండూ ఒకే రోజు రాయించండి.

## 7. జబ్బు లైసెన్స్‌దారుకి కాక ఇంట్లో ఇంకొకరికి ఉంటే

తండ్రికి లైసెన్స్, కొడుక్కి స్కిజోఫ్రీనియా. భర్తకి లైసెన్స్, భార్యకి కాన్పు తర్వాత డిప్రెషన్. ఇలాంటి ఇళ్లు ఎక్కువే, అడిగేవాళ్లు తక్కువ. లైసెన్స్ మీదైతే, అది తీసుకునేటప్పుడు తుపాకిని భద్రంగా ఉంచుతానని మాట ఇచ్చింది మీరే.

☐ జబ్బు తీవ్రంగా ఉన్నన్నాళ్లు డిపాజిట్ చేయడమే మేలు.
☐ ఇంట్లోనే ఉంచక తప్పకపోతే ఖాళీ తుపాకి ఒక ఉక్కు బీరువాలో, తూటాలు ఇంకో గదిలో, ఇంకో తాళంలో.
☐ తాళం చెవులు దేవుడి పటం వెనక, బియ్యం డబ్బాలో పెట్టొద్దు. ఇంట్లో అందరికీ ఆ చోట్లు తెలుసు.
☐ మతిమరుపు జబ్బు మొదలైన పెద్దాయన ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్త రెట్టింపు. అర్ధరాత్రి సొంత మనవణ్నే దొంగ అనుకునే రోజులు వస్తాయి.

## 8. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు

ఇవి మెదడు పనిచేసే తీరులో తేడాలు. ఆటిజాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆటిజం ఉన్న పెద్దవాడు లైసెన్స్ అడగకూడదని ఎక్కడా లేదు. కనీస వయసు 21 అందరికీ ఒకటే.

అసలు చూడాల్సింది నడవడిక. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి తాళం వేయడం మరిచిపోతాడా? కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేస్తాడా? ఆటిజం ఉన్న మనిషి నియమాన్ని పట్టుకుంటే అక్షరం తప్పడు. అది తుపాకి భద్రతకి మంచి గుణమే. కానీ పెద్ద చప్పుళ్లకి, గుంపులకి తట్టుకోలేక గందరగోళపడే రోజుల్లో ఏం చేస్తాడో ముందే ఆలోచించాలి. ఈ ప్రశ్నలకి ఇంట్లో కూర్చుని నిజాయితీగా జవాబు రాసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

## 9. ఫారం, విచారణ, నోటీసు

లైసెన్స్ ఇచ్చే అధికారి మన జిల్లాల్లో కలెక్టర్. పోలీసు విచారణ నివేదిక తప్పనిసరి. దరఖాస్తుతో పాటు మానసిక, శారీరక ఆరోగ్యం గురించి, మత్తు పదార్థాలకి బానిస కాదని డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి.

పొరపాటు: వైద్యం చేస్తున్న డాక్టరుని వదిలి, తెలియని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ రాయించుకోవడం.
సరిదిద్దడం: వైద్యం చేస్తున్నవారినే అడగండి. ఎన్నాళ్లుగా కుదురుగా ఉన్నాడు, మందులు వాడుతున్నాడా, తాగుడు ఉందా, తనకో ఎదుటివాళ్లకో ప్రమాదం ఉందా అన్నవి ఆ ఉత్తరంలో ఉండాలి. ముఖ్యమైన సంగతి దాచి పొందిన లైసెన్స్‌ని ఆ ఒక్క కారణంతోనే రద్దు చేయొచ్చు.

పొరపాటు: లైసెన్స్ గురించి అధికారి నుంచి నోటీసు వస్తే బీరువాలో పడేయడం.
సరిదిద్దడం: గడువులోపల రాతపూర్వకంగా జవాబివ్వండి. డిపాజిట్ రసీదు, డాక్టరు ఉత్తరం, 2017 చట్టంలోని సెక్షన్ 3 ప్రస్తావన జతచేయండి. నోటీసు కన్నా ముందు తేదీతో ఉన్న డిపాజిట్ రసీదు మీ బాధ్యతకి పెద్ద సాక్ష్యం.

లైసెన్స్ కాదన్నా, రద్దు చేసినా ఉత్తర్వులో కారణాలు అడగండి. ఆయుధాల చట్టంలోని సెక్షన్ 18 కింద అప్పీలు చేయొచ్చు. అప్పీలు నడుస్తోందని తుపాకి ఇంట్లో ఉంచుకోకూడదు. రద్దయిన రోజు నుంచి దాన్ని ఉంచుకోవడం నేరం.

## 10. తిరిగి తెచ్చుకోవడం, లేదా వదిలేయడం

తొందరపడొద్దు. తెచ్చుకునే ముందు:

☐ డాక్టరు రాతపూర్వకంగా సరేనన్నారు
☐ లైసెన్స్ గడువు ఉంది
☐ మాత్రలు, నిద్ర, తాగుడు మూడూ అదుపులో ఉన్నాయి
☐ ఇంట్లో ఆడవాళ్లు భయం లేకుండా ఒప్పుకున్నారు (వాళ్లని వేరుగా అడగండి)
☐ ఆయన రాసిన కాగితం చిన్నాయన దగ్గరో, అన్న దగ్గరో ఉంది

వద్దనుకుంటే అదీ మర్యాదైన దారే. ఆయుధాల చట్టంలోని సెక్షన్ 17 ప్రకారం లైసెన్స్‌దారు తానే అర్జీ పెట్టి లైసెన్స్ రద్దు చేయించుకోవచ్చు, తుపాకిని లైసెన్స్ ఉన్న డీలరుకి అమ్ముకోవచ్చు. మా నాయన కుదుటపడ్డాక ఒకసారి తెచ్చుకున్నాడు, ఏడాది ఉంచుకున్నాడు. తర్వాత తనంతట తానే కలెక్టరేట్‌కి పోయి అర్జీ ఇచ్చాడు. ఆ రసీదు జిరాక్సు ఇప్పటికీ లైసెన్స్ పుస్తకం ఉండే కవర్లోనే పెట్టుకున్నాడు.